వార్త చదివి అడ్వాన్సు కట్టకండి

చి.సౌ. సుధకు మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన పేపరు కటింగు, ఆ చికిత్సా కేంద్రం బ్రోషరు రెండూ చదివాను. క్రిప్టో వ్యసనం, అంటే బిట్‌కాయిన్ లాంటి డిజిటల్ నాణేలు కొని అమ్మే పిచ్చి మాన్పిస్తామని కిరణ్‌ను అక్కడ చేర్చుకోవడానికి నెలకు నాలుగున్నర లక్షలట, ఈ ఆదివారంలోగా అడ్వాన్సు కట్టాలట. మీ అమ్మ గాజులు బ్యాంకులో పెడదామంటోందని రాశావు. గాజులు బీరువాలోనే ఉండనీ. ముందు ఆ కటింగు సంగతి చూద్దాం. మీ అందరి భయం అక్కడే మొదలైంది కదా.

ఉద్యోగకాలమంతా పత్రిక డెస్కులో కూర్చుని ఇలాంటి కాపీలు దిద్దినవాణ్ణి. క్రిప్టో వ్యసనం మీద వార్త చేతికి వస్తే, అందులో ఎవరెవరు మాట్లాడారన్నది మొదట చూస్తాను. నీ కటింగులో ముగ్గురున్నారు: పేరు చెప్పని బాధితుడు, కేంద్రం డైరెక్టరు, ఆ కేంద్రంలోనే పనిచేసే కౌన్సెలరు. ఆ బాధితుణ్ణి విలేకరికి ఎవరు పరిచయం చేసి ఉంటారో నీకు వేరే చెప్పాలా? బయటి సైకియాట్రిస్టు ఒక్కరూ లేరు. ఎంతమందికి నయమైంది, ఏడాది గడిచాక వాళ్లెలా ఉన్నారు అని అడిగినవాళ్లూ లేరు. ధర మాత్రం హెడ్డింగులోకే ఎక్కింది. మామూలు పాఠకుడు ఆ ధర చూసి ముక్కున వేలేసుకుంటాడు. కొడుకు గురించి నిద్రపట్టని తండ్రి మాత్రం, ఇంత తీసుకుంటున్నారంటే ఎంత గొప్ప వైద్యమో అనుకుంటాడు. కేంద్రానికి పైసా ఖర్చు లేని ప్రకటన అది.

ఈ వార్తలకు ఒక రుతువు కూడా ఉంది. 2017 డిసెంబరులో బిట్‌కాయిన్ 20,000 డాలర్ల దగ్గరికి వెళ్లి, మరుసటి ఏడాదంతా జారుతూ వచ్చింది. ఆ 2018లోనే స్కాట్లాండులోని కాజిల్ క్రేగ్ ఆసుపత్రి క్రిప్టో వ్యసనానికి చికిత్స ఇస్తామని ప్రకటించింది, దేశదేశాల పత్రికలు అందుకున్నాయి. 2021 నవంబరులో బిట్‌కాయిన్ 69,000 డాలర్ల దాకా ఎగబాకి, మరుసటి నవంబరులో ఎఫ్‌టీఎక్స్ అనే క్రిప్టో ఎక్స్ఛేంజీ, అంటే క్రిప్టో కొని అమ్మే సంస్థ, కుప్పకూలినప్పుడు 16,000 దగ్గరికి పడింది. ఆ తరువాతి విడతలో, స్విట్జర్లాండుకు చెందిన ఒక విలాస కేంద్రం నాలుగు వారాలకు 75,000 డాలర్లకు పైగా తీసుకుంటోందన్న వార్త తిరిగింది. అప్పటి మారకంలో అరవై లక్షల రూపాయల పైమాటే. మన దగ్గరికి ఇవి వార్తా ఏజెన్సీల కాపీలుగా వస్తాయి. డెస్కులో కుర్రవాడు అనువదించి, బాక్సు కట్టి, బొమ్మ పెట్టి వదిలేస్తాడు. స్కాట్లాండుకు ఫోను చేసి అడిగే తీరిక ఎవరికుంది?

అడిగి ఉంటే ఒక సంగతి తెలిసేది. ఆ ఆసుపత్రి కూడా దీన్ని జూదపు వ్యసనంగానే చూసింది, జూదానికి బానిసలైనవాళ్లకు చేసే చికిత్సనే ఇస్తామంది. అదే బ్రిటన్‌లో ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ జూద వ్యసనానికి ఉచిత క్లినిక్కులు నడుపుతోంది, లండన్‌లో 2008 నుంచీ ఉంది. అమెరికా మానసిక వైద్యులు జబ్బులు నిర్ధారించే గ్రంథం డీఎస్‌ఎం-5 2013లోనే జూదాన్ని మద్యం, మత్తుమందుల అధ్యాయంలో చేర్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల పట్టిక ఐసీడీ-11, అంటే 2022 జనవరి నుంచి అమల్లో ఉన్నది, జూదంతో పాటు వీడియో గేముల వ్యసనాన్నీ గుర్తించింది. క్రిప్టో పేరుతో విడిగా ఏ జబ్బూ ఈ రెండింటిలో లేదు. మరి బ్రోషరు ఏమంటోంది? కొత్త జబ్బు కాబట్టి ప్రత్యేక చికిత్స, ప్రత్యేక చికిత్స కాబట్టి ఈ ధర అంటోంది. ఆ వాదన మొదటి మాట దగ్గరే నిలవడం లేదు.

అలాగని, మీ నాన్న అన్నట్లు అంతా పేపరువాళ్ల కల్పన అని కొట్టిపారేయకు. నాకు అనుమానం వార్త మీదే, కిరణ్ బాధ మీద కాదు. షేర్ మార్కెట్టు మధ్యాహ్నం మూడున్నరకు మూస్తారు, శని ఆదివారాలు సెలవు. క్రిప్టోకు సెలవు లేదు, తెల్లవారుజామున మూడింటికీ ధర కదులుతూనే ఉంటుంది. ఫ్యూచర్స్‌లో, అంటే రాబోయే ధర మీద కాసే బేరాల్లో, యాభై రెట్ల లెవరేజి తీసుకున్నవాడికి, అంటే తన రూపాయితో యాభై రూపాయల బేరం చేసినవాడికి, ధర రెండు శాతం ఎదురు తిరిగితే చాలు, మార్జినుగా పెట్టిన సొంత డబ్బు మొత్తం పోతుంది. అంత త్వరగా గెలుపోటములు తేల్చే ఆట ఏదైనా మనిషిని పట్టుకోగలదు. కిరణ్‌ను పట్టుకుందో లేదో డాక్టరు తేల్చాలి.

డాక్టరు కంటే ముందు, డబ్బు ఎక్కడికి పోయిందో కిరణ్ చేతనే కాగితం మీద రాయించు. తిట్టకుండా పక్కన కూర్చో. పత్రికలు మూడు వేర్వేరు సంగతులను ఒకే పేరు కింద కుక్కేస్తాయి. టెలిగ్రామ్‌లో పరిచయమైనవాళ్లు చెప్పిన నకిలీ యాప్‌లో డబ్బు వేసి, వెనక్కి తీసుకోబోతే పన్ను కట్టమంటూ ఇంకా గుంజితే, అది మోసం. వెంటనే 1930కి, సైబర్ నేరాల హెల్ప్‌లైనుకు చేయాలి. ఆశపడి ఒకసారి కొన్నాడు, ధర పడిపోయింది, కుమిలిపోతున్నాడు అంటే అది ఉత్త నష్టం. దానికి చికిత్సా కేంద్రం ఎందుకు? మూడోదే జూదం: పోయినదాన్ని రాబట్టాలని మళ్లీ మళ్లీ పెట్టడం, మొత్తం పెంచుకుంటూ పోవడం, ఆపితే చిరాకు, ఇంట్లో అబద్ధాలు, అప్పుల్లోంచి గట్టెక్కించమని ఇతరుల మీద పడటం. డీఎస్‌ఎం-5లో ఇలాంటి లక్షణాలు తొమ్మిది ఉన్నాయి, ఏడాది కాలంలో నాలుగు కనిపిస్తే జబ్బు కింద లెక్క. నీ ఉత్తరంలో నాకు మూడు కనిపించాయి. అప్పు తీర్చడానికి స్నేహితుల దగ్గర చేయి చాచాడన్నది నిజమైతే నాలుగు. అందుకే డాక్టరు అంటున్నాను.

అతని ఫారం 26ఏఎస్, అంటే అతని పేరు మీద ముందే కోసిన పన్నుల పట్టిక, కూడా తీయించు. 2022 జులై నుంచి క్రిప్టో అమ్మకం మీద ఒక శాతం పన్ను, టీడీఎస్, ముందే కోస్తున్నారు కాబట్టి, మన దేశపు ఎక్స్ఛేంజీల్లో అమ్మినది అక్కడ కనిపిస్తుంది. అందులో 40,000 ఉంటే 40 లక్షల అమ్మకాలు జరిగాయని అర్థం, 40 లక్షలు పోయాయని కాదు. రెండు లక్షలనే ఇరవైసార్లు తిప్పినా అంతే వస్తుంది. ఈ తేడా తెలియక పెద్ద అంకెను హెడ్డింగుకు ఎక్కించిన కాపీలు నా చేతిమీదుగానే వెళ్లబోయాయి. విదేశీ ఎక్స్ఛేంజీల వ్యవహారం సాధారణంగా ఇందులో రాదు, వాటికి యాప్‌లోని స్టేట్‌మెంట్లే దిక్కు.

ఆ తరువాత ఎర్రగడ్డ. పేరు వినగానే మీ అమ్మ ముఖం ఎలా పెడుతుందో తెలుసు. పెట్టనీ. అక్కడి ప్రభుత్వ మానసిక ఆరోగ్య సంస్థలో సైకియాట్రిస్టు చూస్తారు, ఆ మాట వినకుండా నాలుగున్నర లక్షల మాట ఎత్తవద్దు. మరో అభిప్రాయం కావాలంటే బెంగళూరు నిమ్హాన్స్‌లో ఫోను, ఇంటర్నెట్ వాడకం అదుపు తప్పినవాళ్ల కోసం 2014 నుంచి షట్ క్లినిక్ నడుస్తోంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైను టెలి మానస్ 14416 రాత్రీ పగలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. కిరణ్ నోట చావు మాట ఒక్కసారి వచ్చినా ఆ నంబరుకు చెయ్యి, లేదా దగ్గరి ఆసుపత్రికి తీసుకువెళ్లు. ఈ లెక్కలన్నీ తరువాత.

జూద వ్యసనానికి పరీక్షల్లో బాగా నిలిచినది కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ. సాధారణంగా వారానికోసారి కూర్చుని మాట్లాడే పద్ధతి, ఉద్యోగం మానక్కర్లేదు. దానితోపాటు కొన్నాళ్లు జీతం ఖాతా నీ చూపులో ఉండాలి, అదీ అతను ఒప్పుకుంటేనే. తాగుడు కూడా ఉన్నా, ప్రాణానికి ముప్పున్నా ఆసుపత్రిలో చేర్చాల్సి రావచ్చు. లేనప్పుడు నెల రోజులు ఫోను లాగేసుకుని కొండ మీద ఉంచితే ఆ నెల ట్రేడింగ్ చేయడు, అందులో వింతేముంది? ఇంటికి రాగానే ఫోను చేతికొస్తుంది, అప్పులవాళ్లూ వస్తారు.

డాక్టరే చేర్చమంటే అప్పుడు ఆ కేంద్రాన్ని అడుగు: 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కింద రిజిస్ట్రేషను ఉందా, సైకియాట్రిస్టు రోజూ ఉంటారా, మధ్యలో వచ్చేస్తే డబ్బు తిరిగిస్తారా. బ్రోషరులో ఘనంగా వేసిన విజయాల శాతం ఎప్పుడు లెక్కపెట్టారు, ఇంటికి పంపిన రోజా, ఏడాది తరువాతా? మధ్యలో వెళ్లిపోయినవాళ్లను కలిపారా? ఆ చట్టమే మానసిక జబ్బులకూ శరీర జబ్బులతో సమానంగా బీమా ఇవ్వాలంటోంది. కిరణ్ ఆఫీసు పాలసీలో ఏముందో కనుక్కో.

నేను శనివారం సాయంత్రానికి వస్తాను. కిరణ్ సరేనంటే సోమవారం ఓపీకి నేనే తోడు వెళతాను. ఆధార్ కార్డు, 26ఏఎస్ ప్రింటు, అతను రాసిన కాగితం ఒక ఫైల్లో పెట్టి ఉంచు.

మీ మామయ్య