ముందు లోబట్ట, తర్వాతే పైబట్ట

చిరంజీవి అమ్మాయికి,

ఈ వేసవికి మా రెజిమెంటుతో, అదే పాత యుద్ధాన్ని నటించి చూపే మా బృందంతో, శిబిరానికి వస్తానన్నావు, సంతోషం. నువ్వు ఫోటో పంపిన పట్టు గౌను చూసి మాత్రం నవ్వాపుకోలేకపోయాను. మనం నటించి చూపేది 1642లో మొదలైన ఇంగ్లండు అంతర్యుద్ధం. అందులో నువ్వు రాణిగారివి కావు తల్లీ, సైన్యం వెంట నడిచి వండి, ఉతికి, గాయాలకు కట్లు కట్టిన మనిషివి.

ముందు లినెన్ షిఫ్టు కుట్టుకో. మోకాళ్ళు దాటే పొడుగు చొక్కా అది. పగలు లోబట్టా అదే, రాత్రి పడుకునే బట్టా అదే. అన్నీ చదరాలు, త్రికోణాలే కనుక గుడ్డ వృథా కాదు. చంక కింద నాలుగంగుళాల చదరపు ముక్కను మూలకు తిప్పి వేయడం మరవకు. అది వేయకుండా నేను కుట్టిన మొదటి షిఫ్టు నీళ్ళ బకెట్ ఎత్తగానే పర్రున చిరిగింది. లోపలి కుట్లు మిషన్ మీద వేసినా ఫర్వాలేదు. పైకి కనబడే మెడ, ముంజేతుల అంచులు చేత్తోనే కుట్టాలి.

దాని మీద ఉన్ని పావడాలు రెండు. జులైలో ఉన్ని ఏమిటంటావేమో! నిప్పురవ్వ పడితే ఉన్ని కాస్త మాడి ఆరిపోతుంది. పాలియెస్టర్ కరిగి ఒంటికి అంటుకుంటుంది. నా మోకాలి మీద మచ్చ అలా వచ్చిందే. అంచు చీలమండకు పైనే ఆగాలి, లేకపోతే తడి గడ్డిలో నానిన గుడ్డ రోజంతా కాళ్ళకు తగులుతూనే ఉంటుంది. పైన ఒంటికి పట్టిన ఉన్ని జాకెట్, ముందు తాడుతోనో గుండుసూదులతోనో బిగించేది. సినిమాల్లో చూసే, నడుము బిగించే కార్సెట్ ఆ కాలానిది కాదు, కొనకు.

మచిలీపట్నంలో ఈస్టిండియా కంపెనీవాళ్ళు 1611 నుంచే ఉన్నారు కదా, కలంకారీ కట్టుకోవచ్చా అని అడిగావు. వాదన బాగానే ఉంది! కానీ ఆ అద్దకం బట్టలు ఇంగ్లండు ఆడవాళ్ళ ఒంటి మీదికి విరివిగా వచ్చింది ఆ శతాబ్దం చివరి పాదంలో. మన వంటమనిషికి అవి అందవు.

జడను చుట్టగా చుట్టి తెల్లని లినెన్ కుళ్ళాయిలో దాచెయ్. గోళ్ళ రంగు, చేతి గడియారం ఇంట్లో వదిలి రా. తోలు బూట్లకే ఎక్కువ ఖర్చవుతుంది. మొదటి ఏడాది నావి వేసుకో.

ఛాతీ చుట్టుకొలత, భుజం నుంచి మోకాలి కింది దాకా పొడవు రాసి పంపు. ఆదివారం వస్తే గుడ్డ కత్తిరిద్దాం.

నీ పిన్ని