2021లో నెబ్రాస్కా యూనివర్సిటీ జట్టు అంత బాగా ఆడినా 3–9తో (మూడు గెలుపులు, తొమ్మిది ఓటములు) ఎందుకు ముగించింది?

ఇది అమెరికన్ ఫుట్‌బాల్, మనం చూసే సాకర్ కాదు. ఓడిన తొమ్మిది ఆటల్లో ఒక్కటీ పది పాయింట్ల తేడాతో పోలేదు. ఒహైయో స్టేట్ చేతిలో 26–17, అదే పెద్ద తేడా. గెలిచినవేమో భారీగా: నార్త్‌వెస్టర్న్‌పై 56–7. అందుకే సీజన్ మొత్తం లెక్కేస్తే ప్రత్యర్థుల కన్నా వీళ్లవే ఎక్కువ పాయింట్లు, విడ్డూరంగా!

నన్నడిగితే కొంప ముంచింది స్పెషల్ టీమ్స్, అంటే బంతిని తన్నే సందర్భాల్లో దిగే దళం. మిషిగన్ స్టేట్ మీద ఆధిక్యంలో ఉండగా నాలుగో క్వార్టర్‌లో పంట్ (బంతిని ప్రత్యర్థికి వదిలేస్తూ దూరంగా తన్నడం) అనుకున్న వైపు కాక రెండోవైపు వెళ్లింది. మిషిగన్ స్టేట్ ఆటగాడు జేడెన్ రీడ్ దాన్ని పట్టి 62 గజాలు పరిగెత్తి స్కోరు సమం చేశాడు. ఓవర్‌టైమ్‌లో 20–23తో ఓటమి. అయోవాతో 21–6 ముందుండి, పంట్‌ను ప్రత్యర్థులు అడ్డుకోవడంతో టచ్‌డౌన్ (బంతిని చివరి గీత దాటిస్తే వచ్చే ఆరు పాయింట్లు) ఇచ్చుకుని 21–28తో ఓడారు. కోచ్ స్కాట్ ఫ్రాస్ట్‌ను అప్పటికి ఉంచినా, 2022 సెప్టెంబరులో సాగనంపారు.