చరిత్రలో పీహెచ్‌డీ: డబ్బులిచ్చే సీటే సీటు

ప్రశ్న: ఉస్మానియాలో చరిత్ర ఎంఏ చివరి సంవత్సరం చదువుతున్నాను. నైజాం కాలపు భూమి శిస్తుపై అమెరికాలో పీహెచ్‌డీ చేయాలనుంది. ముందు అక్కడ ఎంఏ చేస్తే సీటు సులువని కన్సల్టెన్సీ వాళ్లు అంటున్నారు. 30 లక్షల లోన్ తీసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, నల్గొండ

జవాబు: వద్దు. అక్కడ చరిత్ర ఎంఏకి చాలా డిపార్ట్‌మెంట్లు పైసా ఇవ్వవు. పీహెచ్‌డీకి మాత్రం మంచి డిపార్ట్‌మెంట్లు సీటుతో పాటే సాధారణంగా ఐదేళ్లకు ట్యూషన్ మాఫీ, స్టైపెండ్, హెల్త్ ఇన్సూరెన్స్ ఇస్తాయి. బదులుగా కొన్ని సెమిస్టర్లు టీచింగ్ అసిస్టెంట్‌గా పనిచేయాలి. మీకు ఎంఏ చేతికొస్తోంది కాబట్టి నేరుగా పీహెచ్‌డీకే పెట్టండి. డబ్బు లేని సీటొస్తే వదిలేయండి. సాఫ్ట్‌వేర్ ఎంఎస్ లెక్క ఇక్కడ పనికిరాదు, లోన్ తీర్చే జీతం చరిత్రలో అంత తొందరగా రాదు.

సీటు తేలేది ఎక్కువగా రైటింగ్ శాంపిల్ (దరఖాస్తుతో పంపే మీ పరిశోధన వ్యాసం) దగ్గరే. 20 నుంచి 25 పేజీలు అడుగుతారు. మన ఎంఏ ప్రాజెక్టులు చాలావరకు ఫలానా ఆచార్యులు ఇలా అన్నారు, ఫలానావారు కాదన్నారు అంటూ సాగిపోతాయి. ప్రవేశాల కమిటీ చూసేది, అసలు పత్రం నుంచి మీరు సొంతంగా ఏం రాబట్టారన్నది. మీ ప్రాజెక్టంతా కుదించి పంపకండి. తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌లో ఒక్క తాలూకా తీసుకుని, ఓ పదేళ్ల రికార్డు చదివి, దాని మీద ఒకే వాదన నిలబెట్టండి. అయితే నైజాం కచేరీ రికార్డు 19వ శతాబ్దం చివరి నుంచి ఉర్దూలో, అంతకుముందుది పర్షియన్‌లో ఉంటుంది. ఉర్దూ రాకుండా ఈ అంశం ఎంచుకుంటే కమిటీకి వచ్చే మొదటి అనుమానం అదే. ఉర్దూ ఇవాళే మొదలుపెట్టండి, ఎంతవరకు వచ్చిందో దరఖాస్తులో ఉన్నదున్నట్టు రాయండి.

స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ (ఏం చదవాలనుకుంటున్నారో, ఎందుకో చెప్పే వ్యాసం) రెండు పేజీలు మించనీయకండి. ‘చిన్నప్పటి నుంచి చరిత్రంటే ప్రాణం’ అన్న వాక్యం కొట్టేయండి. మీ ప్రశ్నేమిటి, ఆధారాలు ఎక్కడున్నాయి, ఈ డిపార్ట్‌మెంటే ఎందుకు – ఇవి చాలు. దక్షిణాసియా చరిత్ర చెప్పేవారు ఒక్కరే ఉండి, వారూ రిటైర్మెంట్‌కు దగ్గర పడితే ఆ యూనివర్సిటీని జాబితాలోంచి తీసేయండి. ఆగస్టు, సెప్టెంబరుల్లో ప్రొఫెసర్లకు నాలుగైదు వాక్యాల మెయిల్ పెట్టి, వచ్చే ఏడాది విద్యార్థులను తీసుకుంటున్నారా అని అడగండి. 2025లో కొన్ని పెద్ద యూనివర్సిటీలు హ్యుమానిటీస్ పీహెచ్‌డీ ప్రవేశాలు తగ్గించాయి, కొన్ని విభాగాల్లో ఆపేశాయి కూడా. దరఖాస్తు ఫీజు తరచుగా 75 నుంచి 125 డాలర్లుంటుంది. ప్రవేశాలున్నాయో లేదో తేలకుండా కట్టకండి. కట్టలేని పరిస్థితి ఉంటే గడువుకు బాగా ముందే మాఫీ అడగండి, చాలాచోట్ల ఇస్తారు. జీఆర్‌ఈ (అక్కడి పీజీ ప్రవేశ పరీక్ష) ఎక్కువ డిపార్ట్‌మెంట్లు ఎత్తేశాయి.

గడువులు డిసెంబరు మొదటి నుంచి జనవరి తొలినాళ్ల దాకా ఉంటాయి. దెబ్బ తగిలేది సిఫార్సు లేఖల దగ్గర. మూడు కావాలి. లేఖ అప్‌లోడ్ చేసే లింకు నేరుగా మీ సార్‌కు వెళ్తుంది, స్పామ్‌లో పడి ఉంటుంది, ఆయన చూడరు. యూనివర్సిటీ ఈమెయిల్ ఉంటే అదే ఇవ్వమనండి, సొంత జీమెయిల్‌ను కొన్నిచోట్ల అనుమానిస్తారు. ‘నువ్వే రాసి పట్రా, సంతకం పెడతా’ అనే వారుంటారు. మూడు లేఖలూ ఒకే చేతి రాతలా ఉంటే చదివేవారికి ఇట్టే తెలిసిపోతుంది. బదులుగా మీ శాంపిల్, వారి క్లాసులో మీరు చేసిన పని గురించి ఒక పేజీ సెప్టెంబరులోనే చేతికివ్వండి. మార్కుల శాతాన్ని మీరే జీపీఏగా మార్చకండి, మెమోలో ఉన్నదే వేయండి.

ఆఫర్ వచ్చాక స్టైపెండ్ 9 నెలలకా, 12 నెలలకా చూడండి. 9 నెలలకైతే వేసవి ఎలా గడుస్తుందో అడగండి. డబ్బుతో వచ్చిన ఆఫర్లకు చాలా యూనివర్సిటీల్లో ఏప్రిల్ 15 వరకు ఆలోచించుకునే వీలుంది. ముందే తేల్చమని తొందరపెడితే ఈ తేదీ గుర్తుచేయండి. మొదటి స్టైపెండ్ వెళ్లిన రోజే చేతికి రాదు. విమానం టికెట్, వీసా, విద్యార్థి వీసాకు ముందు అమెరికా ప్రభుత్వానికి కట్టే 350 డాలర్ల సెవిస్ ఫీజు, ఇంటి అడ్వాన్సు కలిపి రెండు మూడు లక్షలు సొంతంగా చూసుకోవాలి.

ప్రశ్న: వయసు 31. బీసీ. తెలుగు మీడియంలో చరిత్ర ఎంఏ చేశాను. జేఆర్‌ఎఫ్‌కు వయసు దాటిపోయిందా?
– ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: దాటలేదు. జేఆర్‌ఎఫ్ (యూజీసీ నెట్ పరీక్షతో వచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) పరిమితి 30 ఏళ్లే అయినా మహిళలకు ఐదేళ్ల సడలింపుంది. ఓబీసీ కోటా కావాలంటే రాష్ట్ర బీసీ సర్టిఫికెట్ చాలదు. మీ కులం కేంద్ర జాబితాలో ఉందో లేదో చూసి, కేంద్ర నమూనాలో నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ తీసుకోండి.

యూజీసీ నెట్‌లో చరిత్ర పేపర్ ఇంగ్లిష్, హిందీల్లోనే ఉంటుంది. తెలుగులో చదివినా పదజాలం ఇంగ్లిష్‌లో పట్టాలి. 300 మార్కుల్లో 200 చరిత్రవే. నెగెటివ్ మార్కులు లేవు, ఏ ప్రశ్నా వదలకండి. జేఆర్‌ఎఫ్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000 రూపాయలు, ఇంటద్దె భత్యం అదనం. రాకపోయినా ‘పీహెచ్‌డీకి మాత్రమే’ అన్న కేటగిరీలో అర్హత రావచ్చు. అప్పుడు ప్రవేశంలో నెట్ స్కోరుకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ. ఆ అర్హత ఏడాదే చెల్లుతుంది. కేంద్రీయ యూనివర్సిటీల్లో ఫెలోషిప్ లేనివారికిచ్చే 8,000తో హైదరాబాద్‌లో నెల గడవదు. అందుకే సీటొచ్చాక కూడా జేఆర్‌ఎఫ్ ప్రయత్నం మానకండి. పీహెచ్‌డీ రిజిస్ట్రేషన్ అయిన వారికి ఐసీహెచ్‌ఆర్ (భారత చరిత్ర పరిశోధన మండలి) ఇచ్చే ఫెలోషిప్ ప్రకటన కూడా కనిపెట్టి ఉండండి.

ప్రశ్న: ఎస్సీ విద్యార్థిని. దళిత ఉద్యమాల చరిత్రపై లండన్‌లో ఎంఏ చేయడానికి నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ వస్తుందా?
– వరంగల్

జవాబు: కేంద్రం 2022లో మార్చిన నిబంధనల్లో భారతదేశ చరిత్ర, సంస్కృతి, సామాజిక అంశాలపై పరిశోధనకు ఈ స్కాలర్‌షిప్ లేదన్నారు. దీనిపై చాలా విమర్శలొచ్చాయి, అవి న్యాయమైనవే. ఈ ఏటి మార్గదర్శకాల్లో ఆ వాక్యం ఉందేమో ముందు చూడండి. ఉంటే తెలంగాణ అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి ప్రయత్నించండి: 20 లక్షల వరకు ఇస్తారు, హ్యుమానిటీస్ వారూ అర్హులే, కుటుంబ ఆదాయం ఏటా 5 లక్షలు దాటకూడదు. మీకు రెండేళ్ల, అంటే 2,800 గంటల ఉద్యోగానుభవం ఉంటే బ్రిటన్ ప్రభుత్వమిచ్చే షెవెనింగ్ స్కాలర్‌షిప్ కూడా ఉంది. దాని దరఖాస్తులు ఆగస్టులో మొదలై అక్టోబరులో ముగుస్తాయి, యూకేలో మూడు కోర్సులు ఎంచుకోవాలి, చదువయ్యాక రెండేళ్లు మన దేశంలో ఉండాలి.