పిల్లలకు ఆటలా ఉండే వర్చువల్ మ్యూజియం ఎలా తయారుచేయాలి?

వర్చువల్ మ్యూజియం అంటే ఫోన్లోనో కంప్యూటర్లోనో చూసే మ్యూజియం. అందులో గదుల ఫొటోలు పెట్టి, బాణం గుర్తులు నొక్కుతూ తిరగమంటే పిల్లలు ఇట్టే విసిగిపోతారు. ముందు వస్తువుల్ని తగ్గించండి. పది పన్నెండు చాలు, కానీ ప్రతిదానితోనూ పిల్లలు చేయడానికి ఏదో ఒక పని ఉండాలి.

హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంనే తీసుకోండి. అక్కడ ఒకే చెక్కలో మలిచిన జంట శిల్పం ఉంది: ముందు మెఫిస్టోఫిలిస్ అనే దయ్యం, వెనక మార్గరెట్టా అనే అమ్మాయి (ఇద్దరూ ఓ జర్మన్ కథలోని పాత్రలు). వెనకవైపు కనిపించడానికి అద్దం పెట్టారు. తెరమీద మాత్రం ఆ రెండో మనిషి సంగతి ముందే చెప్పకండి. శిల్పాన్ని వేలితో తిప్పి పిల్లలే కనిపెట్టాలి. ఆ ఆశ్చర్యం కోసమే కదా ఇదంతా! అక్కడి సంగీత గడియారంలో ప్రతి గంటకూ చిన్న గడ్డం మనిషి బయటికొచ్చి గంట కొడతాడు. పిల్లలు ముల్లు తిప్పి అతణ్ణి పిలిచేలా, ఎన్నిసార్లు కొట్టాడో లెక్కపెట్టేలా చేయొచ్చు.

వివరణ రెండు వాక్యాలు దాటొద్దు. ఇంకా చదవడం రాని పిల్లల కోసం అది తెలుగులో వినిపించాలి కూడా. టైమర్లు, మార్కులు నేనైతే పెట్టను. అవి ఉంటే చూపు వస్తువు మీంచి అంకెల మీదకు పోతుంది. మామూలు ఫోన్లో, నెమ్మదిగా వచ్చే నెట్‌లో కూడా తెరుచుకోవాలి కాబట్టి త్రీడీ మోడళ్ల (అన్నివైపులా తిప్పి చూసే బొమ్మల) ఫైల్ సైజు తగ్గించండి.