పాత ఫ్రిజ్ అమ్మితే, పన్నెండో రోజున డబ్బు వెనక్కి ఇమ్మంటున్నారు

ప్రశ్న: నేను ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయుణ్ని. తెనాలి నుంచి ఒంగోలుకు బదిలీ అయింది. ఇల్లు ఖాళీ చేసే ముందు, 2018లో కొన్న డబుల్ డోర్ ఫ్రిజ్‌ని ఫొటోలు తీసి ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టాను. ‘కండిషన్ బాగుంది, ఇంతవరకూ రిపేరన్నదే రాలేదు’ అని రాశాను. కొత్తగా పెళ్లయిన జంట వచ్చి అరగంట సేపు చూసుకున్నారు. ఫ్రిజ్ నడుస్తూనే ఉంది, పై అరలో ఐస్ గడ్డకట్టి ఉంది. 9,500 రూపాయలు యూపీఐలో పంపి, టాటా ఏస్‌లో పడుకోబెట్టి తీసుకెళ్లారు. పన్నెండో రోజున ఫోన్ చేసి, కూలింగ్ లేదు, కంప్రెషర్ పోయిందని మెకానిక్ చెప్పాడు, గతంలో గ్యాస్ నింపిన గుర్తులు కూడా ఉన్నాయి, మొత్తం డబ్బూ, బండి కిరాయి 700 రూపాయలూ ఇవ్వకపోతే 420 కేసు పెడతాం, వినియోగదారుల కోర్టుకు వెళతాం అంటున్నారు. నిజమే, రెండేళ్ల కిందట ఒకసారి గ్యాస్ నింపించాం. మా ఆవిడ గుర్తు చేసేదాకా ఆ సంగతి నాకు తట్టలేదు. కేసంటే ఉద్యోగానికి ఏమవుతుందోనని భయంగా ఉంది. ఆ డబ్బు ఇచ్చేసి వదిలించుకోమంటారా?

జవాబు: మాస్టారూ, ఇవాళే డబ్బు పంపకండి. అలాగని ఫోన్ ఎత్తకుండా, నంబరు బ్లాక్ చేసి కూర్చోకండి. ఈ రెండిట్లో ఏది చేసినా మీకే నష్టం.

ముందు మీ భయం సంగతి చూద్దాం. 420 అని జనం నోట ఇంకా నానుతున్నా, 2024 జులై 1 నుంచి పాత శిక్షాస్మృతి (ఐపీసీ) స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చాక మోసం నేరం 318వ సెక్షన్‌లోకి వెళ్లింది. నంబరు మారింది గానీ అసలు సూత్రం మారలేదు. మోసం అనాలంటే, అమ్మే సమయానికే ఎదుటివాణ్ని ముంచాలన్న దురుద్దేశం మీకు ఉండాలి. మొదట్లో దురుద్దేశం లేకుండా, తరువాత ఒప్పందంలో మాట తేడా వచ్చినంత మాత్రాన మోసం నేరం కాదని సుప్రీంకోర్టు 2000 సంవత్సరంలో హృదయ రంజన్ ప్రసాద్ వర్మ కేసులో స్పష్టంగా చెప్పింది. మీ ఇంట్లో నడుస్తున్న ఫ్రిజ్‌ని, ఐస్ కట్టి ఉండగా, అరగంట సేపు చూడనిచ్చి అమ్మారు. అందులో దురుద్దేశం చూపించడం చాలా కష్టం.

ఫిర్యాదు ఇవ్వడానికి ఎవరికైనా హక్కుంది. స్టేషన్ నుంచి ఫోన్ వస్తే వెళ్లండి. యూపీఐ రసీదు, మీ ప్రకటన, వాట్సాప్ సందేశాలు ప్రింటు తీసుకుని వెళ్లి, జరిగింది జరిగినట్టు చెప్పండి. ఈ నేరానికి గరిష్ఠ శిక్ష ఏడేళ్లు. ఇలాంటి వాటిలో ఎకాయెకి అరెస్టు చేయకుండా, ముందు నోటీసు ఇచ్చి పిలవడమే పద్ధతి. పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 35వ సెక్షన్ చెప్పేది అదే, 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పిందీ అదే. ఉద్యోగం గురించిన మీ భయానికి మూలం బహుశా సస్పెన్షన్‌కు సంబంధించిన 48 గంటల నిబంధన. ప్రభుత్వోద్యోగి కస్టడీలో 48 గంటలు దాటితే సస్పెండ్ అయినట్టే లెక్క. ఎవరో ఒక కాగితం రాసి ఇచ్చినంత మాత్రాన ఆ పరిస్థితి రాదు. ఇంకొక మాట, డబ్బు తిరిగి ఇప్పించే అధికారం స్టేషన్‌కు లేదు. అక్కడ ఎవరైనా ‘ఇప్పుడే ఇచ్చెయ్యండి, ఇక్కడే తేల్చుకుందాం’ అంటే, ‘ఆలోచించుకుని రాతపూర్వకంగా చెబుతాను సార్’ అని మర్యాదగా చెప్పి రండి.

వినియోగదారుల కమిషన్ బెదిరింపు ఇంకా తేలిక. 2019 చట్టం కింద మీరు ‘వ్యాపారి’ కావాలి. వస్తువులు అమ్మకం పనిగా పెట్టుకున్నవారి మీదే ఆ ఫిర్యాదు నిలుస్తుంది. బదిలీ అయి ఇంట్లో ఫ్రిజ్ ఒకటి అమ్ముకున్న ఉపాధ్యాయుడు వ్యాపారి కాడు. (పాత సామాను కొని, బాగు చేయించి, తిరిగి అమ్మే షాపు అయితే మాత్రం కథ వేరు. సెకండ్ హ్యాండ్ అనగానే చట్టం వదిలేయదు. ఇది చదివే కొనుగోలుదారులు ఈ తేడా గమనించాలి.)

ఇక మిగిలింది సివిల్ బాధ్యత. అసలు విషయం ఇక్కడే ఉంది. మీ ఉత్తరంలో నన్ను ఆపిన వాక్యం కూడా ఒక్కటే: ‘ఇంతవరకూ రిపేరన్నదే రాలేదు.’

ఆ వాక్యం లేకపోతే నా జవాబు నాలుగు ముక్కల్లో అయిపోయేది. 1930 నాటి వస్తు విక్రయ చట్టం 16వ సెక్షన్ ప్రకారం, కొనేవాడు చూసుకుని కొనుక్కోవాలి. నాణ్యత మీద చట్టం తనంతట తానుగా విధించే హామీలు ఆ సరుకు వ్యాపారం చేసేవాళ్లకే గానీ మీలాంటి వారికి అంటవు. ఆరేడేళ్లు వాడిన ఫ్రిజ్ ఇంకా ఎన్నాళ్లు నడుస్తుందో ఎవరూ పూచీ ఇవ్వలేరు, చట్టం ఆ పూచీ అడగదు కూడా.

అడగకపోతే చెప్పకపోవడం కూడా సాధారణంగా తప్పు కాదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 17వ సెక్షన్ కింద ఒక గుర్రం ఉదాహరణ ఉంది. నేను లా చదివే రోజుల్లోనే మనసులో నాటుకుపోయింది. ఒకాయన వేలంలో గుర్రం అమ్ముతున్నాడు. దానికి జబ్బుందని ఆయనకు తెలుసు. నోరు మెదపలేదు. మోసం కాదంటుంది చట్టం. అదే గుర్రాన్ని అప్పుడే మేజరైన సొంత కూతురికి అమ్మితే? అక్కడ చెప్పి తీరాలి, ఆ బంధమే ఆ బాధ్యత పెడుతుంది. మూడోది చూడండి: కొనేవాడు ‘మీరు కాదనకపోతే గుర్రం బాగున్నట్టే అనుకుంటాను’ అన్నాడు, అమ్మేవాడు మౌనంగా ఉన్నాడు. అప్పుడా మౌనం మాటతో సమానం. గుర్రం బదులు ఫ్రిజ్ పెట్టుకుని చదివితే, నూటయాభై ఏళ్ల కిందటి ఆ మూడు వాక్యాలు ఈనాటి మీ తగాదాకి సరిగ్గా సరిపోతాయి. గ్యాస్ సంగతి మీరు ఎత్తకుండా ఊరుకుని ఉంటే మొదటి గుర్రం మీది. కానీ మీరు ఊరుకోలేదు. రిపేరు రాలేదని రాశారు.

గ్యాస్ నింపించడం రిపేరు కాదు, సర్వీసింగ్ అని మీరు వాదించవచ్చు. ఆ వాదన మీద ఆధారపడవద్దని నా సలహా. ఫ్రిజ్ గ్యాస్ స్కూటర్ పెట్రోలు లాంటిది కాదు, వాడుకలో అయిపోదు. అది మూసేసిన గొట్టాల్లో తిరుగుతుంది. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. ఈ సంగతి ఏ మెకానిక్ అయినా కోర్టులో చెబుతాడు. కాబట్టి మీ మాట నిజం కాదు. మీరు మరిచిపోయి రాశారు గనుక అది మోసం కాదు, అదే కాంట్రాక్టు చట్టం 18వ సెక్షన్ చెప్పే తప్పుడు ప్రకటన. తెలిసి చెప్పినా, తెలియక చెప్పినా, ఆ మాట నమ్మి కొన్నవాడు ఒప్పందాన్ని రద్దు చేసుకుంటానని అడిగే వీలు 19వ సెక్షన్ ఇస్తుంది.

అయితే ఆ వీలుకు హద్దులున్నాయి. కాస్త శ్రద్ధగా చూస్తే నిజం తెలుసుకోగలిగే అవకాశం అతనికి ఉంటే రద్దు కుదరదు. గ్యాస్ నింపిన గుర్తులు అతని మెకానిక్‌కి ఇప్పుడు కనబడ్డాయంటే ఆ రోజు మెకానిక్‌ని వెంట తెచ్చుకున్నా కనబడేవి. ఈ వాదన మీకు ఉంది. ప్రతి పాత ఫ్రిజ్‌కీ మెకానిక్‌ని వెంటేసుకుని రావాలా అని అతని లాయరూ అడుగుతాడు, అదీ వినదగ్గ మాటే. ఇంతకంటే బలమైనది వస్తు విక్రయ చట్టంలోనే ఉంది. సరుకు తీసుకెళ్లి, వద్దని చెప్పకుండా తగినంత కాలం ఉంచుకుంటే అంగీకరించినట్టే. అంగీకరించాక, షరతు తప్పినా సరుకు తిప్పి పంపి మొత్తం ధర అడగడం మామూలుగా కుదరదు, జరిగిన నష్టం మేరకు పరిహారమే అడగాలి. పన్నెండు రోజులు ఏమీ అనకుండా తమ దగ్గరే ఉంచుకున్నారు. మొత్తం 9,500 రాబట్టడం అతనికి కష్టం. కొంత మొత్తం మాత్రం అడిగే హక్కు, నా ఉద్దేశంలో, ఉంది.

ఆ కొంత ఎంత? ఒకసారి గ్యాస్ నింపించిన ఫ్రిజ్ అని ముందే తెలిసి ఉంటే ఆ జంట ఎంత ఇచ్చేవారు? 9,500కీ దానికీ ఉన్న తేడాయే కొలబద్ద. బహుశా వెయ్యో, రెండు వేలో బేరం తగ్గి ఉండేది.

ఇప్పుడు కంప్రెషర్ విషయం. ఇది మీరు తేలిగ్గా రాసేశారు గానీ మీ పక్షాన పెద్ద సంగతి. ఫ్రిజ్‌ని పడుకోబెట్టి తీసుకెళ్లారన్నారు. కంప్రెషర్ అడుగున నూనె ఉంటుంది. పడుకోబెడితే అది గ్యాస్ గొట్టాల్లోకి జారుతుంది. నిలబెట్టి కొన్ని గంటలు ఆగకుండా స్విచ్ వేస్తే నూనె లేకుండా కంప్రెషర్ తిరిగి దెబ్బతినే ప్రమాదం ఉంది. అందుకే నిలబెట్టి తీసుకెళ్లమంటారు. బండి వాళ్లది, ఎక్కించింది వాళ్లు. సరుకు చేతులు మారి సొంతమయ్యాక దాని మంచిచెడ్డలు కొన్నవారివే. అప్పుడు ఇంటి ముందు ఎవరైనా ఫొటో తీశారా? సామాను సర్దడానికి వచ్చిన కూలీలు చూశారా? ఆ వివరాలు ఇప్పుడే ఒక కాగితం మీద తేదీ వేసి రాసుకోండి. నెల పోతే మీకే గుర్తుండదు, గ్యాస్ సంగతి గుర్తులేనట్టే. ఇంటికి వెళ్లగానే స్విచ్ వేశారా, స్టెబిలైజర్ పెట్టారా, మొదటి వారం కూలింగ్ ఉందా అని అతన్ని మర్యాదగా సందేశంలోనే అడగండి. పది రోజులు చల్లగా ఉండి ఆగిపోతే పాత లీకు అనుమానం పెరుగుతుంది. మొదటి రోజు నుంచే తేడా ఉంటే ప్రయాణం అనుమానం పెరుగుతుంది. జవాబు ఎలా వచ్చినా మీకు నిజం తెలుస్తుంది, తెలియడమే ముఖ్యం.

దయచేసి మీ ప్రకటనను గానీ, సందేశాలను గానీ చెరపకండి. ఇబ్బందిగా ఉన్న వాక్యం కనబడకూడదని చాలామంది ముందుగా చేసే పని అదే. అతని ఫోన్లో స్క్రీన్‌షాట్ ఉంటుంది. మీరు చెరిపారని తెలిస్తే, మరిచిపోయి రాశాను అనే మీ నిజాయతీ మాటను ఎవరూ నమ్మరు. అలాగే ‘తప్పు నాదే, డబ్బంతా ఇచ్చేస్తాను’ అని కూడా పెట్టకండి. ఈ రాత్రికి ఇంత రాయండి, చాలు:

‘నమస్తే అండి. మీ ఇబ్బంది నాకు అర్థమైంది. ఫ్రిజ్ మీరు చూసుకున్నప్పుడు నడుస్తూ ఉంది. రెండేళ్ల కిందట ఒకసారి గ్యాస్ నింపించిన సంగతి నాకు అప్పుడు గుర్తులేదు, ఇంట్లో వాళ్లు ఇప్పుడు చెప్పారు. మెకానిక్ ఏం పాడైందన్నాడో, బాగుచేయడానికి ఎంతవుతుందో రాయించి పంపండి. చూసి, రాజీగా తేల్చుకునేందుకు నేను సిద్ధం. ఈ రాజీ మాటలను కేసులో నా మీద వాడకూడదన్న షరతు మీద రాస్తున్నాను.’

చివరి వాక్యం అలంకారానికి పెట్టలేదు. అలాంటి షరతుతో చేసిన రాజీ ప్రస్తావనను సివిల్ కేసులో ఒప్పుకోలుగా చూపించడానికి సాక్ష్య చట్టం ఒప్పుకోదు. గ్యాస్ సంగతి దాచమని మాత్రం నేను చెప్పను. ఎలాగూ మెకానిక్ కనిపెట్టాడు. మీరే చెబితే మీ మాటకు విలువ ఉంటుంది.

మీ స్థానంలో నేనుంటే అంచనా కాగితం వచ్చాక రిపేరు ఖర్చులో సగం, 2,000 రూపాయలు దాటకుండా, ఇస్తానంటాను. బండి కిరాయి ఇవ్వను. ఇది భయపడి ఇచ్చేది కాదు. మీరన్న ఒక మాట నిజం కాలేదు, ఆ కొత్త కాపురం వాళ్లు దాన్ని నమ్మారు, ఆ మేరకు ఇవ్వడం న్యాయం. వాళ్లు ఒప్పుకోక మొత్తం కావాలంటే, ఫ్రిజ్ తిరిగి ఇస్తేనే అని చెప్పండి. ఒప్పందం రద్దయితే ఎవరు పొందింది వారు తిరిగి ఇవ్వాలన్నది కాంట్రాక్టు చట్టం 64వ సెక్షన్. ఫ్రిజ్ వాళ్ల దగ్గరే, డబ్బూ వాళ్ల దగ్గరే అన్న బేరం మాత్రం ఒప్పుకోకండి. తిరిగి తెచ్చేటట్టయితే నిలబెట్టే తెమ్మని చెప్పండి, తెచ్చాక విడిభాగాలు మార్చారేమో మీ మెకానిక్‌తో చూపించండి.

లాయర్ నోటీసు వస్తే జవాబివ్వకుండా ఉండకండి. గడువులోగా స్పీడ్ పోస్టులో సమాధానం పంపించండి. దావా వేయడానికి వాళ్లకు మామూలుగా మూడేళ్ల గడువు ఉంటుంది గనుక, ‘నెల అయింది, మరిచిపోయి ఉంటారు’ అనుకుని కాగితాలు పారేయకండి. 9,500 రూపాయల కోసం ఇరుపక్షాలూ కోర్టు చుట్టూ తిరిగితే ఖర్చులకే అంతకుమించి అవుతుంది. తెనాలి కోర్టు ఆవరణలోని మండల న్యాయసేవా కమిటీకి ఇద్దరిలో ఎవరైనా అర్జీ పెట్టుకోవచ్చు. కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో కూర్చోబెట్టి మాట్లాడిస్తారు. ఫీజు లేదు. అక్కడ కుదిరిన రాజీ కోర్టు డిక్రీతో, అంటే తీర్పుతో సమానం, దానిమీద అప్పీలు ఉండదు. వివరాలకు 15100కి ఫోన్ చేయండి.

బయటే రాజీ కుదిరితే డబ్బు నగదుగా ఇవ్వకండి. ఏ ఖాతా నుంచి 9,500 వచ్చిందో అదే ఖాతాకు పంపండి. మా బావమరిది నంబరుకి పంపండి అంటే కుదరదని చెప్పండి. పంపే ముందే తెల్లకాగితం మీద తెలుగులో రాయించుకోండి: ఫలానా తేదీన కొన్న ఫలానా ఫ్రిజ్ విషయంలో ఇంత మొత్తం పూర్తి పరిష్కారంగా ముట్టింది, ఫ్రిజ్ మా వద్దే ఉంటుంది, ఇకపై పోలీసులకు గానీ, ఏ కోర్టుకు గానీ వెళ్లేది లేదు, ఇప్పటికే ఫిర్యాదు ఇచ్చి ఉంటే వెనక్కి తీసుకుంటాం అని. డబ్బు పంపింది భర్త అయినా భార్యాభర్తలిద్దరి సంతకాలూ, ఒక సాక్షి సంతకమూ పెట్టించండి. ఆ కాగితం ఫొటో మీకు వాట్సాప్‌లో వచ్చాకే యూపీఐ పిన్ నొక్కండి.