సీనియర్లతో పడలేదని స్కూల్ మారాలా?

ప్రశ్న: మా అమ్మాయి ఎమ్మెస్సీ మ్యాథ్స్, బీఎడ్. కేంద్ర టీచర్ అర్హత పరీక్ష సీటెట్ కూడా పాసైంది. జూన్‌లో బెంగళూరు వైట్‌ఫీల్డ్ దగ్గర ఒక సీబీఎస్‌ఈ స్కూల్లో చేరి ఏడు నుంచి తొమ్మిది దాకా లెక్కలు చెబుతోంది. సీనియర్లు సబ్‌స్టిట్యూషన్లన్నీ (రాని టీచర్ల బదులు తీసుకునే పీరియడ్లు) తన మీదే వేస్తున్నారట. హెచ్‌ఓడీ (లెక్కల విభాగం హెడ్) మేడమ్ లెసన్ ప్లాన్ రెండుసార్లు తిప్పి పంపారు, స్టాఫ్ రూమ్‌లో అందరి ముందూ ‘నువ్వింకా చాలా నేర్చుకోవాలి’ అన్నారు. నేనే ప్రిన్సిపాల్‌కి ఫోన్ చేసి మాట్లాడాను. అప్పటి నుంచి అమ్మాయిని ఇంకా దూరం పెట్టారు. మాన్పించి, మూడు నెలల ఇంటర్నేషనల్ టీచింగ్ డిప్లొమా చేయించి ఐబీ (అంతర్జాతీయ సిలబస్) స్కూల్లో చేర్చాలా? ఎడ్‌టెక్ (ఆన్‌లైన్ చదువుల) కంపెనీ మేలా? – ఒక తండ్రి, మారతహళ్లి

జవాబు: ఏది మేలో చెప్పేముందు మీ ఫోన్ సంగతి మాట్లాడాలి. రోజూ వందమందికి పైగా పిల్లల్ని అదుపులో పెట్టే టీచర్ తరఫున వాళ్ల నాన్న ఫోన్ చేశారు. ఆ కబురు ఆ సాయంత్రానికే స్టాఫ్ రూమ్‌కి చేరి ఉంటుంది. మీరు ప్రేమతోనే చేశారు, కాదనను. కానీ ఇకపై సీనియర్లు ఆమెతో మనసు విప్పి ఏమీ చెప్పరు, ఏమంటే ఏమవుతుందోనని. ఇంకోసారి చేయకండి. ‘సారీ’ చెప్పడానికి కూడా చేయకండి.

మీరు రాసిన ప్రశ్న స్కూల్ గురించి. మీ భయం మాత్రం అమ్మాయి ఈ వృత్తిలో నిలబడగలదా అన్నదే. నిలబడగలదు. మొదటి ఏడాది ఇదే ఫిర్యాదుతో వచ్చేవాళ్లలో ఎక్కువమంది తర్వాత మంచి టీచర్లయ్యారు. హెచ్‌ఓడీ ప్లాన్ తిప్పి పంపడం అవమానం కాదు. అసలు చదవకుండా సంతకం పెట్టి పంపే హెచ్‌ఓడీ ఉంటేనే భయపడాలి.

ప్లాన్ వెనక్కి రావడానికి మామూలు కారణం టైమ్. బీఎడ్‌లో రాసిన అలవాటుతో నలభై నిమిషాల పీరియడ్‌కి నలభై నిమిషాల పాఠమూ రాసేస్తారు. నిజానికి పిల్లలు సర్దుకుని, హాజరు పూర్తయ్యేసరికి ఐదు నిమిషాలు పోతాయి. హోమ్‌వర్క్ రాయించడానికి ఇంకో మూడు నాలుగు. పాఠానికి ఇరవై, పిల్లలు సొంతంగా చేయడానికి పది మిగిలితే గొప్ప. మూడోసారి ఇచ్చేటప్పుడు ప్లాన్ పక్కన నిమిషాలు వేసి, ‘మేడమ్, ఇందులో ఏది తీసేయమంటారు?’ అని ఒక్కటే అడగమనండి. ‘ఎలా ఉంది?’ అని అడిగితే తప్పులు ఏకరువు పెడతారు. ‘ఏది తీయాలి?’ అని అడిగితే తమ అనుభవం చెబుతారు.

ఇక సీనియర్ల వైపు చూద్దాం, ఎందుకంటే మీ ఉత్తరంలో వాళ్ల వైపు ఒక్క వాక్యం కూడా లేదు. చాలా ప్రైవేటు స్కూళ్లలో పదిహేనేళ్లుగా ఉన్నవాళ్ల జీతానికీ కొత్తగా చేరినవాళ్ల జీతానికీ తేడా సిగ్గుపడేంత తక్కువ. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు, ఒకటి నుంచి ఎనిమిది దాకా చెప్పేవాళ్లలో రిటైర్మెంట్‌కి ఐదేళ్లకు మించి సర్వీసు ఉన్న టీచర్లు రెండేళ్లలో టీచర్ అర్హత పరీక్ష (టెట్) పాస్ కావాలని తీర్పు ఇచ్చింది. నలభై ఐదేళ్ల వయసులో, ఇంట్లో పదో తరగతి పిల్లల్ని పెట్టుకుని మళ్లీ పరీక్షకు చదవాల్సిన మనిషి పక్కన సీటెట్ సర్టిఫికెట్‌తో ఒక కొత్తమ్మాయి కూర్చుంది. సీబీఎస్‌ఈ పదో తరగతి పేపర్లో సగం మార్కులు, బట్టీ కాకుండా అన్వయం అడిగే సామర్థ్య ఆధారిత ప్రశ్నలకు వెళ్లాయి. ఏళ్ల తరబడి తయారుచేసుకున్న ప్రశ్నల బ్యాంకు సగం పనికిరాకుండా పోయింది. ఆ కోపం ఎవరి మీదో ఒకరి మీద పడుతుంది. అది న్యాయమని అనడం లేదు.

లెక్కల్లో గొడవ ఎక్కడ రాజుకుంటుందో కూడా తెలుసుకోండి. ఒకే తరగతి, రెండు సెక్షన్లు. సీనియర్ మధ్య పదాన్ని విడగొట్టి కారణాంకాలు చెప్పిస్తుంది, మీ అమ్మాయి షార్ట్‌కట్ చెబుతుంది. పిల్లలు బస్సులో నోట్సు పోల్చుకుంటారు, పేరెంట్స్ మీటింగ్‌లో ఒక తల్లి సీనియర్‌నే నిలదీస్తుంది. బోర్డు పరీక్షలో సరైన పద్ధతి ఏదైనా మార్కులు వస్తాయి, కానీ స్టెప్పులు కనిపించాలి. షార్ట్‌కట్ రాసిన పిల్లలు పోగొట్టుకునేది అక్కడే. కాబట్టి చాప్టర్ మొదలయ్యే ముందు సీనియర్ దగ్గర పది నిమిషాలు కూర్చుని, బోర్డు మీద ఏ పద్ధతి, ఎన్ని స్టెప్పులు అన్నది ఒకటనుకోవాలి. పరీక్ష పేపర్లు దిద్దేముందు ఇద్దరూ అవే ఐదు పేపర్లు విడివిడిగా దిద్ది మార్కులు పోల్చుకోవాలి. ‘నువ్వు ధారాళంగా వేశావు, నేను పిసినారితనం చేశాను’ అన్న తగాదా అక్కడితో పోతుంది.

సబ్‌స్టిట్యూషన్ విషయంలో మీ అమ్మాయి పక్షమే నేను. కొత్తవాళ్ల ఖాళీ పీరియడ్లు ముందు కోసేయడం చాలాచోట్ల ఆనవాయితీ, అది తప్పు. నాలుగు సెక్షన్లు, సెక్షన్‌కి నలభైమంది అంటే నూట అరవై నోటుబుక్కులు, అవి దిద్దేది ఆ పీరియడ్లలోనే. కానీ ‘అన్నీ నాకే’ అంటే ఎవరూ వినరు. చిన్న పుస్తకంలో తేదీ, పీరియడ్, సెక్షన్, ఎవరి బదులు వెళ్లిందో నాలుగు వారాలు రాయాలి. దాన్ని స్టాఫ్ రూమ్‌లో కాకుండా, టైమ్‌టేబుల్ చూసే కోఆర్డినేటర్‌కి విడిగా చూపించి, ‘వారానికి రెండు దాకా తీసుకుంటాను, నోటుబుక్కులు దిద్దే గురువారం మాత్రం వదిలేయండి’ అనాలి. కాగితం మీద లెక్క చూశాక కాదనడం కష్టం.

మార్కులు కంప్యూటర్లో ఎక్కించమని సీనియర్లు అడిగితే తను ఎక్కించి పెట్టకూడదు, అలాగని కుదరదని ముఖం మీద చెప్పకూడదు. పక్కన కూర్చుని వాళ్ల చేతే టైప్ చేయించాలి. రెండోసారికి ఆ పని వాళ్లకే వచ్చేస్తుంది. బదులుగా వారానికి ఒక పీరియడ్ వాళ్ల క్లాసులో వెనక బెంచీలో కూర్చుంటానని అడగాలి. ఇంకొకటి: స్టాఫ్ రూమ్‌లో తెలుగువాళ్లంతా ఒక మూల చేరితే అది బయటివాళ్లకి ముఠాలాగే కనిపిస్తుంది. మధ్యాహ్నం పక్క బల్ల దగ్గరికి వెళ్లి కన్నడంలో ‘ఊట ఆయ్తా?’ (భోజనం అయిందా?) అని అడగడం నేర్చుకుంటే సగం దూరం తగ్గుతుంది.

ఇప్పుడు ఆ డిప్లొమా. నాకు దాని మీద నమ్మకం లేదు, మొహమాటం లేకుండా చెబుతున్నాను. ఐబీ స్కూళ్లు తమ టీచర్లకు కావలసిన వర్క్‌షాపులు తామే చేయిస్తాయి. మూడు నెలల ఆన్‌లైన్ సర్టిఫికెట్ చూసి తలుపు తీయవు. ఆమె ఎమ్మెస్సీ, బీఎడ్, పాఠం చెప్పే తీరు చూస్తాయి. అంతకన్నా ముఖ్యం, ఆ పద్ధతిలో టీచర్లు కలిసి కూర్చుని ప్లాన్ చేయడం తప్పనిసరి. ఇక్కడ హెచ్‌ఓడీతో కూర్చోలేకపోతే అక్కడ అలాంటి మీటింగులు ఇంకా ఎక్కువ. సంబంధాలు చూసేటప్పుడు ‘ఇంటర్నేషనల్ స్కూల్ టీచర్’ అని చెప్పుకోవడానికి బాగుంటుందన్న ఆలోచన మీకు ఉంటే, దాన్ని అమ్మాయి ఉద్యోగం నుంచి వేరుచేయండి. ఎడ్‌టెక్ గురించి ఎక్కువ చెప్పను. ఈ ఊళ్లోనే పుట్టిన అతిపెద్ద కంపెనీ 2024లో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. క్లాసులో రెండు మూడేళ్లు గడిపాక కంటెంట్ పనికి వెళ్లేవాళ్లకి విలువ ఉంటుంది, ఇప్పుడే వెళితే ఉండదు.

వెంటనే మానేయాల్సిన సందర్భాలూ ఉన్నాయి. పిల్లల ముందు పదేపదే అరవడం, వేసిన మార్కులు మార్చమని ఒత్తిడి చేయడం, జీతం ఆపడం, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇవ్వకపోవడం. వీటిలో ఏదైనా ఉంటే ఏడాది పూర్తి కావాలని చూడకండి. మీరు రాసినవి ఆ కోవలోవి కావు.

అందుకే మార్చి దాకా ఉండనివ్వండి. మధ్యలో వెళ్లిపోతే ఎక్స్‌పీరియన్స్ లెటర్ చిక్కు, సిలబస్ మధ్యలో వదిలేసిందన్న మాట రెండూ వెంటపడతాయి. బెంగళూరు స్కూళ్లు వచ్చే ఏడాదికి టీచర్లను వెతికేది ఎక్కువగా జనవరి నుంచి ఏప్రిల్ మధ్యే. అప్పుడు ఆమే మారతానంటే మారనివ్వండి. అపాయింట్‌మెంట్ లెటర్లో నోటీసు ఎన్ని నెలలో ఈ వారమే చూసుకోమనండి. ఒరిజినల్స్ స్కూల్లో ఉంటే వెరిఫికేషన్ అయిపోయింది కాబట్టి తిరిగి ఇమ్మని ఇప్పుడే రాతపూర్వకంగా అడగమనండి, రాజీనామా ఇచ్చే రోజు దాకా ఆగవద్దు. ఆ ఉత్తరం ఆమె రాయాలి, మీరు కాదు.