కువైట్ నుంచి 30 కిలోలు, హైదరాబాద్ నుంచి 15: తమ్ముడు కట్టిన లగేజీ డబ్బు తిరిగి వస్తుందా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా సోంపేట దగ్గర పల్లెటూరు. మా తమ్ముడు కువైట్‌లో వెల్డరు. రెండేళ్ళ తర్వాత గత నెలలో సెలవు మీద వచ్చాడు. కువైట్ నుంచి హైదరాబాద్‌కు టికెట్టు వాళ్ళ కంపెనీ ఇచ్చింది. హైదరాబాద్ నుంచి విశాఖపట్నానికి మాత్రం నేనే ఇక్కడ నెట్ సెంటరులో తీయించాను. టికెట్టు డబ్బు కాక సర్వీసు చార్జీ 300 రూపాయలు ఫోన్‌పేలో పంపాను. తమ్ముడి దగ్గర 30 కిలోల సామానుంటుంది, ఇబ్బంది లేదు కదా అని వాట్సాప్‌లో అడిగాను. ‘ఇంటర్నేషనల్ ప్యాసింజర్‌కి 30 వస్తాది, ఏటీ పర్లేదు’ అని నెట్ సెంటరు అబ్బాయి వాయిస్ మెసేజ్ పెట్టాడు. తీరా హైదరాబాద్ కౌంటరులో 15 కిలోలే ఉచితమన్నారు. మిగతా 15 కిలోలకు కిలోకి 600 చొప్పున 9,000 రూపాయలు కట్టించుకున్నారు. విశాఖలో దిగాక చూస్తే పెట్టె చక్రం ఒకటి ఊడిపోయి ఉంది, అక్కడ ఎవరికీ చెప్పలేదు. విమాన సంస్థ మీద కేసు వేస్తే మా డబ్బు వస్తుందా? తమ్ముడు వచ్చే వారం తిరిగి వెళ్ళిపోతున్నాడు.

సమాధానం: మీ ఉత్తరం చదవగానే నాకు శంషాబాద్‌లో ఓసారి కళ్ళారా చూసిన మనిషి గుర్తొచ్చాడు. దేశీయ విమానాల కౌంటరు పక్కన నేల మీద కూర్చుని, నీలం తాడుతో బిగించిన అట్టపెట్టె విప్పుతున్నాడు. పెట్టె మీద మార్కరుతో తన పేరు, కింద ‘కవిటి’ అని ఊరి పేరు. పాలపొడి డబ్బాలు, రెండు దళసరి దుప్పట్లు, అత్తరు సీసాలు ఒక్కొక్కటే బయట పెట్టి, ఏది వదిలెయ్యాలా అని చూస్తున్నాడు. చివరికి దుప్పట్లు అక్కడే వదిలేశాడు. ఎడారిలో రెండేళ్ళు కష్టపడి అమ్మ కోసం కొనుక్కొచ్చిన దుప్పట్లవి. ఉద్దానం నుంచి గల్ఫ్ వెళ్ళొచ్చే మనవాళ్ళలో ఎంతోమంది మీ తమ్ముడిలాగే ఇక్కడ దెబ్బతింటున్నారు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు మీకు నచ్చని మాట చెప్పాలి. విమాన సంస్థ మీద మీ కేసు బలహీనం. మీ తమ్ముడి చేతిలో ఉన్నవి రెండు వేర్వేరు టికెట్లు, అంటే చట్టం దృష్టిలో రెండు వేర్వేరు ఒప్పందాలు. కువైట్ టికెట్టులో 30 కిలోలు రాసి ఉంటే ఆ మాట హైదరాబాద్‌లో విమానం దిగేవరకే చెల్లుతుంది. అక్కడి నుంచి విశాఖకు తీసింది మామూలు దేశీయ టికెట్టు. మన దేశంలో చౌక విమానాల్లో మామూలు టికెట్టుకు ఇచ్చేది 15 కిలోలు, చేతిసంచీకి 7 కిలోలు. ఆ ప్రయాణికుడు అంతకు ముందు కువైట్ నుంచి వచ్చాడా, కూకట్‌పల్లి నుంచి వచ్చాడా అన్నది రెండో సంస్థకు సంబంధం లేదు. కువైట్ నుంచి విశాఖ దాకా ఒకే పీఎన్ఆర్ (బుకింగ్ నంబరు) మీద టికెట్టు తీసి ఉంటే కథ వేరు. అప్పుడు కస్టమ్స్ కోసం హైదరాబాద్‌లో పెట్టె తీసుకుని మళ్ళీ అప్పగించినా, సాధారణంగా మొదటి టికెట్టు బరువే చివరిదాకా వర్తిస్తుంది. టికెట్టు మీద షరతు ముద్రించి ఉండగా ‘చదివి చూసుకోలేదు’ అంటే వినియోగదారుల కమిషన్ ఒప్పుకోవడం కష్టం.

కౌంటరులో కిలోకి అంత వసూలు చెయ్యడం అన్యాయం కాదా అని మీకు అనిపిస్తుంది. నాకూ అనిపిస్తుంది. అదే బరువును ముందే ఆన్‌లైన్లో కొనుక్కుంటే తక్కువకు ఇస్తారు. 3, 5, 10, 15 కిలోల చొప్పున అమ్ముతారు, విమానం బయల్దేరడానికి కొంత సమయం ముందు ఆ అమ్మకం ఆపేస్తారు. విదేశం నుంచి వచ్చి దేశీయ విమానం ఎక్కేవాళ్ళకు ఈ అదనపు బరువును ఇంకా తక్కువ ధరకు ముందే ఇచ్చే సంస్థలూ ఉన్నాయి, అడిగితేనే తెలుస్తుంది. ఈ రేట్ల తేడా అన్యాయమైన ఒప్పందం అని వాదించే దారి 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ఉంది. కానీ ఆ వాదన జిల్లా కమిషన్‌లో నడవదు, రాష్ట్ర కమిషన్‌కు వెళ్ళాలి. 9,000 రూపాయల కోసం మిమ్మల్ని అక్కడిదాకా తిప్పే సలహా నేనివ్వను.

మీ అసలు కేసు నెట్ సెంటరు మీద. మీరు సలహా అడిగారు, అతను సర్వీసు చార్జీ తీసుకుని తప్పు సలహా ఇచ్చాడు. అతని మాట నమ్మి మీరు నష్టపోయారు. ఇది సేవా లోపం. 300 రూపాయలు చిన్న మొత్తమే కావచ్చు, ఆ 300 తీసుకోవడం వల్లే అతను సేవ అమ్మినవాడు, మీరు వినియోగదారుడు అయ్యారు. అతను ఏమంటాడో కూడా ఊహించగలను: ‘టికెట్టు ప్రింటు మీద 15 కేజీ అని ఉంది, చూసుకోవాల్సింది వాళ్ళే’ అంటాడు. ఆ ప్రింటు ఒకసారి తీసి చూడండి. ఉంటే మీ కేసు కొంత పలచబడుతుంది, పోదు. ఎందుకంటే మీరు ఊరికే టికెట్టు తియ్యమనలేదు. 30 కిలోలని అంకెతో సహా చెప్పి, ఇబ్బందా అని సూటిగా అడిగారు. మీ బలం అంతా ఆ వాయిస్ మెసేజ్‌లోనే ఉంది.

కాబట్టి ఆ ఫోన్‌ను జాగ్రత్తగా చూసుకోండి. చాట్ చెరిపెయ్యకండి, ఫోన్ మార్చకండి. మీరు అడిగిన మెసేజూ, అతని జవాబూ తేదీ, సమయంతో కనబడేలా స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి. ఫోన్‌పేలో డబ్బు పంపిన వివరం, టికెట్టు, బోర్డింగ్ పాస్, అన్నిటికంటే ముఖ్యంగా 9,000 కట్టినప్పుడు కౌంటరులో ఇచ్చిన అదనపు లగేజీ రసీదు ఒకచోట చేర్చండి. రసీదు లేకపోతే పీఎన్ఆర్ చెప్పి సంస్థకు ఈమెయిల్ పెట్టి నకలు అడగండి.

ఎంత అడగాలన్నది మనసు పెట్టి లెక్కెయ్యాలి. అతను నిజం చెప్పి ఉంటే మీరేం చేసేవారు అన్నది ఇక్కడ ప్రశ్న. 15 కిలోలు ముందే కొనేవారు. లేదా సికింద్రాబాద్‌లో ఫలక్‌నుమా రైలు ఎక్కించి పలాసలో దింపుకునేవారు. స్లీపరులో ఒక్కో ప్రయాణికుడికి 40 కిలోల దాకా ఉచితం. మీ తమ్ముడి 30 కిలోల పెట్టె, 7 కిలోల చేతిసంచీ కలిపినా దాని లోపలే. అలా తప్పించుకోగలిగి ఉండి కూడా కట్టాల్సి వచ్చిన మొత్తమే మీ నష్టం. దానితోపాటు సర్వీసు చార్జీ, పడ్డ బాధకు కొంత, ఖర్చులకు కొంత అడగొచ్చు. లక్షలు రాయకండి. న్యాయంగా ఉన్న అంకెకు కమిషన్‌లో విలువ ఎక్కువ.

మొదట నెట్ సెంటరు యజమానికి నోటీసు పంపండి. ఒక పేజీ చాలు, తెలుగులోనే రాయండి, స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. 15 రోజుల గడువివ్వండి. ఊళ్ళో వ్యాపారం చేసుకునే మనిషి చాలాసార్లు ఇక్కడే రాజీకి వస్తాడు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయిస్తే ఇంకొంచెం ఒత్తిడి పడుతుంది. అప్పటికీ కదలకపోతే శ్రీకాకుళం జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళండి. 2019 చట్టం ప్రకారం ఫిర్యాదుదారు నివాసం ఉండే చోటే కేసు వెయ్యొచ్చు. సేవకు చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు. వకీలు తప్పనిసరి కాదు. గడువు సంఘటన జరిగిన రోజు నుంచి రెండేళ్ళు. రాసిపెట్టేవాళ్ళు లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగండి, 15100కి ఫోన్ చేసినా దారి చెబుతారు.

విమాన సంస్థను కూడా రెండో పార్టీగా చేర్చమని కొందరంటారు. నేను వద్దంటాను. బలంలేని వాదనను బలమైనదానికి జతచేస్తే రెండూ నీరసిస్తాయి, పైగా వాళ్ళ వకీళ్ళు వాయిదా మీద వాయిదా అడుగుతారు.

తమ్ముడు వెళ్ళిపోతాడని దిగులు పడకండి. డబ్బిచ్చి సేవ కొన్నది మీరు, కాబట్టి ఫిర్యాదు మీ పేరునే వెయ్యొచ్చు. అయితే 9,000 కట్టింది తమ్ముడు. అందుకని అతను బయల్దేరేలోగా రెండు కాగితాలు సిద్ధం చేయించండి. ఒకటి, కౌంటరులో జరిగింది అతని మాటల్లోనే రాసి, నోటరీ దగ్గర ప్రమాణ పత్రంగా సంతకం చేయించాలి. రెండోది, తన తరఫున కేసు నడిపే అధికారం మీకిస్తూ రాసిన పత్రం. కావాలంటే వీడియో ద్వారా విచారణకు హాజరయ్యే వీలుంది, కోరుతూ దరఖాస్తు పెట్టాలి.

పెట్టె చక్రం సంగతి చెప్పేస్తాను: ఆశ వదులుకోండి. సామాను దెబ్బతింటే అందుకున్న రోజు నుంచి 7 రోజుల్లోగా రాతపూర్వకంగా ఫిర్యాదు చెయ్యాలి, మీకు ఆ గడువు దాటింది. గడువులో ఉన్నా చక్రాలు, పిడులు మామూలు అరుగుదలేనని సంస్థలు వాదిస్తాయి. ఇకమీదట బెల్టు మీద నుంచి పెట్టె తీసుకోగానే అక్కడే తిప్పి చూసుకుని, దెబ్బ కనిపిస్తే గేటు దాటకముందే కౌంటరులో రాయించండి. బ్యాగే పోతే? దేశీయ ప్రయాణంలో సంస్థ బాధ్యత సాధారణంగా మనిషికి 20,000 రూపాయలకే పరిమితం. కాబట్టి బంగారం, పాస్‌పోర్టు, సర్టిఫికెట్లు పెద్ద పెట్టెలో పెట్టొద్దు.

ఇక వచ్చే వారం తిరుగు ప్రయాణం గురించి. టికెట్టు ఇప్పటికే తీసి ఉంటే ఈ రాత్రే పీఎన్ఆర్‌లు చూడండి. రెండుంటే విశాఖ–హైదరాబాద్ టికెట్టులో బరువు ఎంత ఇచ్చారో విడిగా చదవండి. అసలు చెక్-ఇన్ సామానే లేకుండా, చేతిసంచీతో మాత్రమే ప్రయాణించే చౌక టికెట్లూ ఇప్పుడు అమ్ముతున్నారు. ధర తక్కువని అది తీస్తే పెట్టె మొత్తానికీ కట్టాల్సి వస్తుంది. సామాను సర్దాక కిరాణా కొట్టు కాటా మీద తూచి, అదనం ఉంటే ఇంటి దగ్గరే కొనెయ్యండి. కౌంటరు కాటా తేడాగా అనిపిస్తే పక్క కౌంటరులో మళ్ళీ తూచమని అడగండి, ఏమీ అనరు. కాటాకు తూనికల శాఖ ముద్ర ఉండాలన్నది చట్టం.

ఉద్దానం నుంచి వెళ్ళేవాడు కాబట్టి ఒకమాట. ఎండు కొబ్బరి పెట్టకండి. అది నూనె పదార్థం, నిప్పంటుకునే గుణం ఉందని విమానంలో పెద్ద పెట్టెలోనూ అనుమతించరు. జీడిపప్పు పర్వాలేదు. ఆవకాయ, నెయ్యి చేతిసంచీలో పెడితే భద్రతా తనిఖీలో తీసేస్తారు, గట్టిగా మూత బిగించి పెద్ద పెట్టెలో పెట్టండి. పవర్ బ్యాంకు మాత్రం దీనికి తిరగేసి, చేతిసంచీలోనే ఉండాలి.

పక్కింటివాళ్ళు, స్నేహితుల వాళ్ళు ‘మావాడికి ఇది ఇచ్చేయి’ అని పొట్లాలు తెస్తారు. వాటిని వాళ్ళ ఎదురుగానే విప్పి చూడండి, నొచ్చుకుంటారని మొహమాటపడకండి. గల్ఫ్ దేశాల్లో గసగసాలు కూడా మత్తుపదార్థాల కేసు అవుతాయి. కొన్ని నొప్పి మాత్రలు, దగ్గు మందులూ అంతే. అక్కడి పోలీసుల ముందు ‘ఇది నాది కాదు’ అన్న మాట చెల్లదు, సంచీ ఎవరి పేరున ఉంటే బాధ్యత కూడా వాళ్ళదే. మసాలా పొట్లంలో గసగసాలుంటే తీసేయించండి. మందులుంటే డాక్టరు చీటీ లేకుండా పంపకండి, ఆ మందు అక్కడ అనుమతి ఉన్నదేనా అని కూడా ముందే కనుక్కోండి.